బాలింత నడక, బిడ్డ పాలు



పురుటికి పుట్టింటికొచ్చిన అమ్మాయి రెండో నెల దాటాక ఓ సాయంత్రం చెప్పులేసుకుని "వీధి చివరిదాకా నడిచొస్తానమ్మా" అంటే ఆ ఇంట్లో ఏ జవాబు వస్తుందో మీలో చాలామందికి తెలుసు. "పచ్చి ఒళ్లు పెట్టుకుని ఇప్పుడు నడకలేమిటే? ఒళ్లు వేడెక్కిందంటే పాలు ఇంకిపోతాయి. చెమటొంటితో పాలిచ్చావంటే పిల్లాడికి అజీర్తి చేస్తుంది." ఆ మాటతో అమ్మాయి చెప్పులు విప్పేసి లోపలికి వెళ్తుంది.

అదే వీధి చివర ఇంకో బాలింత ఉంటుంది. మూడో నెల నిండకుండానే నాట్లకు పోతుంది. పొద్దున వెళ్లి సాయంత్రం దాకా బురదలో నడుం వంచి పనిచేస్తుంది. ఆమెను ఆపి "అమ్మా, పాలు ఇంకిపోతాయేమో" అన్నవాళ్లను నేను చూడలేదు. నాలుగడుగులు వేస్తేనే ఒకరికి ఇంకిపోయే పాలు, రోజంతా ఎండలో వంగినా ఇంకొకరికి ఎందుకు ఇంకిపోవు? బాలింతలకు వ్యాయామాలు నేర్పే పనిలో ఉన్న నాకు ఈ ప్రశ్న ప్రతి వారం ఎదురవుతుంది. ఇవాళ దానికి జవాబు చెప్పుకుందాం.

ముందే ఒక మాట. పెద్దవాళ్లను తప్పుపట్టడానికి నేను రాలేదు. కాన్పులు ఇళ్లలోనే జరిగిన రోజుల్లో, రక్తం ఎక్కించే వీలుగానీ యాంటీబయాటిక్ మందులుగానీ లేని రోజుల్లో, బాలింతను గదిలో ఉంచి, నలుగురి మధ్యకూ రానివ్వకుండా చూడటం ఆమె ప్రాణాన్ని కాపాడే ఏర్పాటు. అత్తింట్లోనే ఉంటే పదో రోజుకే పొయ్యి ముందు కూర్చోవాల్సి వచ్చే కోడలికి, పుట్టింటి పురుడు దొరికిన ఏకైక సెలవు. ఆ విశ్రాంతికి ఒక హద్దును కూడా పెద్దలే పెట్టారు. చాలా ఇళ్లలో ఇరవయ్యొకటో రోజునో, ఆ తర్వాత ఒక మంచిరోజు చూసో బాలింత చేత బావికి పసుపు కుంకుమలు పెట్టించి, చేద వేయించేవారు. చేద వేసి నీళ్లు తోడటమంటే చేతులకు, భుజాలకు, నడుముకు ఒకేసారి పని. మంచం దిగిన మనిషి మెల్లగా మామూలు జీవితంలోకి వస్తోందని ఇంటిల్లిపాదికీ తెలియజెప్పే వేడుక అది. బావులు పోయాయి, చేద పోయింది. విశ్రాంతి ఎక్కడ మొదలవ్వాలో మిగిలింది గానీ, ఎక్కడ ఆగాలో మరిచిపోయాం. అపార్ట్‌మెంటులో ఐదో అంతస్తులో, ఐదో నెల దాకా మంచం దిగనివ్వని ఇళ్లు ఇప్పుడు ఉన్నాయి.

సరే, పాల సంగతికి వద్దాం. పాలు ఎలా తయారవుతాయో తెలిస్తే సగం భయం దానంతటదే పోతుంది.

బిడ్డ రొమ్ము పట్టి చప్పరించినప్పుడు ఆ కబురు నరాల ద్వారా తల్లి మెదడుకు చేరుతుంది. మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి రెండు హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. ఒకటి ప్రొలాక్టిన్, పాలు తయారుచేయించేది. రెండోది ఆక్సిటోసిన్, పాల గ్రంథుల చుట్టూ ఉన్న సన్నటి కండరాలను బిగించి పాలను ముందుకు నెట్టేది. పాలు చేపుతున్నాయి అని మన ఆడవాళ్లు అనేది ఈ రెండో పనినే. ఇక పాలు ఎన్ని తయారవ్వాలన్నది ఎన్ని బయటికి పోయాయన్నదాన్ని బట్టి ఉంటుంది. ఏటి ఇసుకలో తీసిన చెలమలాగా, తోడేకొద్దీ ఊరతాయి. తోడకుండా వదిలేస్తే రొమ్ములో నిలిచిన పాలే "ఇక చాలు" అని తయారీని తగ్గించేస్తాయి. తల్లిపాలు తప్ప మరేమీ తాగని బిడ్డ రోజుకు సుమారు 750 మిల్లీలీటర్ల పాలు తాగుతుంది. ఇన్ని పాలనూ ప్రతిరోజూ తయారుచేయించేది ఆ బిడ్డ నోరే.

ఈ ఏర్పాటులో తల్లి నడిచిందా, కూర్చుందా అన్న లెక్క ఎక్కడా లేదు. కానీ లేదని చెప్పేస్తే సరిపోదు, తూచి చూడాలి కదా? తూచి చూసినవాళ్లు ఉన్నారు.

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో కేథరిన్ డ్యూయీ, షెరిల్ లవ్‌లేడీ, వారి సహచరులు చేసిన పరిశోధన ఒకటి 1994లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో అచ్చయింది. అందులో 33 మంది తల్లులు పాల్గొన్నారు. అందరూ బిడ్డకు తమ పాలు మాత్రమే ఇస్తున్నవాళ్లు. అంతకుముందు వ్యాయామం అలవాటు లేనివాళ్లు. బిడ్డలకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసు. ఎవరు ఏ జట్టులో ఉండాలన్నది వాళ్ల ఇష్టానికి వదలకుండా రెండు జట్లుగా విడదీశారు. 18 మంది చేత వ్యాయామం చేయించారు. మిగిలిన 15 మందిని మామూలుగా ఉండమన్నారు.

వ్యాయామమంటే ఏదో తూతూమంత్రంగా కాదు. రోజుకు 45 నిమిషాలు, వారానికి ఐదు రోజులు, పన్నెండు వారాలు. మాట్లాడుతుంటే ఆయాసం తెలిసేంత గట్టిగా, పక్కన మనిషి ఉండి మరీ చేయించారు. ప్రతిరోజూ ఆ 45 నిమిషాల్లో తల్లి ఒంట్లో సుమారు 400 కిలోక్యాలరీలు ఖర్చయ్యాయి. మధ్యమధ్యలో పాల పరిమాణం కొలిచారు, పాలలో ఏమేముందో పరీక్షించారు, తల్లి రక్తంలో ప్రొలాక్టిన్ చూశారు, బిడ్డల బరువు తూచారు.

పన్నెండు వారాల తర్వాత లెక్క తీస్తే పాల పరిమాణంలో రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. పాల చిక్కదనంలో లేదు. ప్రొలాక్టిన్‌లో లేదు. బిడ్డల ఎదుగుదలలో లేదు. తేడా కనిపించింది తల్లుల శక్తిలో. గుండె, ఊపిరితిత్తులు ప్రాణవాయువును వాడుకునే సామర్థ్యం వ్యాయామం చేసినవాళ్లలో 25 శాతం పెరిగింది. చేయనివాళ్లలో 5 శాతమే.

ఈ పరిశోధనలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచే వివరం ఇంకొకటి ఉంది. వ్యాయామం చేసిన తల్లులు ఎక్కువ తిన్నారు. మధ్య దశలో కొలిచినప్పుడు వాళ్లు రోజుకు దాదాపు 2,500 కిలోక్యాలరీలు తింటుంటే, రెండో జట్టువాళ్లు 2,170 దగ్గర ఉన్నారు. ఎవరూ వాళ్లను తినమని బలవంతపెట్టలేదు. ఒళ్లు అడిగింది, పెట్టారు. అందుకే బరువు కూడా ఇద్దరికీ ఒకేలా తగ్గింది. నడిచినదానికి తగ్గ తిండి ఉన్నచోట పాలకు ఏ లోటూ రాలేదన్నమాట. ఈ మాటను కాస్త గుర్తుపెట్టుకోండి, చివరలో దీని అవసరం వస్తుంది.

మరి బరువు తగ్గాలనుకునే తల్లి మాటేమిటి? అదే లవ్‌లేడీ నార్త్ కరోలినాలో 2000వ సంవత్సరంలో ప్రచురించిన ఇంకో పరిశోధనలో, బరువు ఎక్కువగా ఉన్న 40 మంది పాలిచ్చే తల్లులను తీసుకున్నారు. ఒక జట్టు చేత తిండిలో రోజుకు 500 కిలోక్యాలరీలు తగ్గించి, వారానికి నాలుగు రోజులు 45 నిమిషాల వ్యాయామం చేయించారు. పది వారాల్లో ఆ తల్లులు సగటున 4.8 కిలోలు తగ్గారు. అంటే వారానికి దాదాపు అరకిలో. వాళ్ల బిడ్డల బరువు, పొడుగు రెండో జట్టు బిడ్డలకు ఏమాత్రం తీసిపోలేదు. కానీ గమనించండి, వాళ్లు ముందే ఒంట్లో నిల్వ ఉన్నవాళ్లు. మెల్లగా తగ్గినవాళ్లు. రక్తహీనతతో, కృశించి ఉన్న మన బాలింత తిండి తగ్గించుకుని పరుగెత్తడానికి ఈ లెక్క పనికిరాదు.

ఇక రెండో భయం: చెమటొంటితో పాలిస్తే పాలు పులిసి బిడ్డకు పడవన్నది. ఈ భయం మన ఊళ్లదే అనుకోకండి, అమెరికాలోనూ పుట్టింది. దానికి ఒక చిన్న కథ ఉంది. మనం ఒళ్లు విరుచుకుని, ఇక చేయలేనన్నంత గట్టిగా వ్యాయామం చేస్తే కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. పెరుగుకు పులుపు తెచ్చేది కూడా ఇదే. అది కొద్దిగా పాలలోకి కూడా చేరుతుంది. 1992లో ఒక పరిశోధనలో, తీవ్రమైన వ్యాయామం తర్వాత పిండిన పాలను పిల్లలకు చుక్కలమందు వేసే గొట్టంతో నోట్లో వేసి చూశారు. పిల్లలు ముఖం చిట్లించారన్నారు. అంతే, పత్రికలు అందుకున్నాయి. కానీ రోజూ రొమ్ము తాగే పసివాడి నోట్లో గొట్టం పెడితే లోపల ఏముందన్నదానితో పనిలేకుండా ముఖం చిట్లించే అవకాశం ఉంది కదా! పదేళ్ల తర్వాత, 2002లో ఇంకో బృందం ఆ పరీక్షనే మళ్లీ చేసింది. ఈసారి పిల్లలకు అలవాటైన సీసాలో పోసి ఇచ్చారు. విశ్రాంతిగా ఉన్నప్పటి పాలు, మామూలు వ్యాయామం తర్వాతి పాలు, తీవ్ర వ్యాయామం తర్వాతి పాలు మూడింటినీ పిల్లలు ఒకేలా తాగారు. ఓ మాదిరి వేగంతో నడిచినప్పుడు లాక్టిక్ ఆమ్లం చెప్పుకోదగ్గంత పెరగదు. పెరిగినా బిడ్డకు హాని లేదు.

అయినా నడిచొచ్చిన తల్లి దగ్గర బిడ్డ ఒక్కోసారి మొరాయించే మాట నిజం. కారణం పాలలో లేదు, చర్మం మీది ఉప్పులో ఉంది. చెమట ఆరిపోయి రొమ్ము మీద ఉప్పగా అంటుకుని ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి పట్టండి, తాగుతాడు. ఎండన పడి వచ్చాక మొదటి పాలు పిండి నేలపాలు చేసే అలవాటు కొన్ని చోట్ల ఉంది. ఆ అవసరం లేదు. తల్లి ఒళ్లు ఎంత వేడెక్కినా పాలు లోపల విరిగిపోవు.

ఒళ్లు ఎంతదాకా తట్టుకుంటుందో చూడాలంటే ఇంగ్లండులో ఏటా జనవరిలో జరిగే స్పైన్ రేస్ అనే పరుగు సంగతి వినాలి. పెన్నైన్ కొండల మీదుగా 268 మైళ్లు, అంటే 431 కిలోమీటర్లు. చలి, చీకటి, బురద. 2019లో ఆ పరుగును ఆడా మగా అందరికంటే ముందు ముగించింది జాస్మిన్ పారిస్ అనే పశువైద్యురాలు. 83 గంటల 12 నిమిషాల్లో, పాత రికార్డును 12 గంటల తేడాతో కొట్టేసింది. అప్పటికి ఆమె బిడ్డకు 14 నెలలు, పాలు తాగుతోంది. దారిలో ఆగినచోట్ల జాస్మిన్ పాలు పిండుకుని, మళ్లీ పరుగెత్తింది. పిండకపోతే రొమ్ములు గడ్డకట్టి నొప్పి చేసేవి. అంతకుముందు ఏడాది, 2018లో, ఆల్ప్స్ కొండల్లో జరిగిన మరో సుదీర్ఘ పరుగులో సోఫీ పవర్ అనే ఆమె మధ్య మజిలీలో మూడు నెలల కొడుక్కి పాలిస్తూ కూర్చున్న ఫోటో ప్రపంచమంతా తిరిగింది. మన హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జా 2018 అక్టోబరులో తల్లయి, 2020 జనవరిలో టెన్నిస్ కోర్టులోకి తిరిగొచ్చి, హోబార్ట్‌లో ఆడిన మొదటి టోర్నీలోనే డబుల్స్ కప్పు గెలిచింది. వీళ్లలా చేయమని చెప్పడానికి వీళ్ల పేర్లు ఎత్తలేదు. వీళ్లు ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లు. అన్ని గంటలు కొండలెక్కిన తల్లికి ఆగని పాలు, చెరువు గట్టు మీద అరగంట నడిచిన తల్లికి ఆగుతాయా అన్నదే నా ప్రశ్న.

అయితే పాలు నిజంగా తగ్గే సందర్భాలు ఉన్నాయి. అవేమిటో విడమరచి చెప్పుకుందాం.

మొదటిది ఎడం. రెండు మూడు గంటలకోసారి తాగాల్సిన బిడ్డను ఐదారు గంటలు దూరంగా ఉంచి, ఆ సమయంలో పాలు పిండకపోతే తయారీ తగ్గుతుంది. రెండోది డబ్బాపాలు. "పాలు చాలడం లేదేమో" అన్న అనుమానంతో ఒక సీసా పడితే బిడ్డ ఒకసారి తక్కువ చప్పరిస్తాడు, మర్నాటికి పాలు ఆ మేరకు తగ్గుతాయి, అనుమానమే నిజమవుతుంది. మూడోది బిగుతు. వ్యాయామానికని బిగుతైన బ్రా వేసుకుని గంటల తరబడి విప్పకపోతే పాల నాళాలు నొక్కుకుని రొమ్ము గడ్డకడుతుంది, జ్వరం వస్తుంది. నాలుగోది ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు. పాలిచ్చే తల్లి డాక్టరును అడగకుండా వాటిని వాడకూడదు. ఐదోది నొప్పి, దిగులు. ఆక్సిటోసిన్‌కు ఇవి గిట్టవు, పాలుండీ చేపవు. ఈ అయిదింటిలో నడక ఎక్కడైనా ఉందా చూడండి. పైగా ఐదోదాన్ని తగ్గించే మందుల్లో నడక ఒకటి. దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే మాత్రం నడకతో సరిపెట్టకుండా డాక్టరును కలవాలి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

పాలు సరిపోతున్నాయా లేదా అన్నది రొమ్ము చూసి చెప్పలేం, బిడ్డను చూసి చెప్పాలి. మొదటి వారం దాటాక రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా మూత్రం పోస్తున్నాడా? రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు తిరిగి వచ్చాడా? ఆ తర్వాత మొదటి మూడు నెలల్లో రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరుగుతున్నాడా? అంగన్‌వాడీలో తూయించండి. ఈ లెక్క సరిగ్గా ఉంటే పాలు సరిపోతున్నట్టే.

ఇప్పుడు ఎప్పుడు మొదలుపెట్టాలి, ఏం చేయాలి? మొదటిది చిన్న చిన్న కదలికలు. మామూలు కాన్పయితే మర్నాటి నుంచే గదిలో నాలుగడుగులు వేయవచ్చు. పడుకునే పాదాలు పైకీ కిందికీ ఆడించడం, గట్టిగా ఊపిరి తీసి మెల్లగా వదలడం ఆ రోజునుంచే చేయవచ్చు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఇవి కాపాడతాయి.

రెండోది కటి కండరాల వ్యాయామం. అమెరికన్ డాక్టరు ఆర్నాల్డ్ కీగెల్ 1948లో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. మూత్రం వస్తుంటే ఆపుకోవడానికి ఏ కండరాలు బిగిస్తామో వాటిని బిగించి ఐదు సెకన్లు ఉంచి, ఐదు సెకన్లు వదలాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. మూత్రం పోసేటప్పుడు మాత్రం చేయకూడదు. పాలు పడుతూ కూర్చునే చేయవచ్చు, పక్కవాళ్లకు కూడా తెలియదు. దగ్గినా, తుమ్మినా, నవ్వినా చుక్క పడుతోందని చాలామంది ఆడవాళ్లు ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పుకోరు. "పిల్లలు పుట్టాక అంతేలే" అని సర్దుకుంటారు. అలా సర్దుకోనక్కర్లేదు.

మూడోది నడక. మొదట పది నిమిషాలు. వారం వారం కాస్త పెంచుకుంటూ అరగంటకు రావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం ఇబ్బందులేమీ లేని బాలింత వారానికి 150 నిమిషాల ఓ మాదిరి వ్యాయామం చేయాలి. అంటే ఐదు రోజులు అరగంట చొప్పున. మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత వేగం ఉంటే చాలు.

ఆపరేషన్ అయినవాళ్లకు ఈ లెక్క వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి. కాబట్టి ఈ మాట వింటున్నవాళ్లలో సగం ఇళ్లకు వర్తిస్తుంది. ఆసుపత్రిలో నర్సు లేపి నడిపించినప్పుడు నడవండి. ఆరు వారాల వరకు బిడ్డను మించిన బరువు ఎత్తవద్దు. నీళ్ల బిందె అసలొద్దు. పొట్టకు సంబంధించిన వ్యాయామాలు డాక్టరు చూసి సరేనన్నాకే.

ఆపరేషన్ అయినా కాకపోయినా పొట్ట విషయంలో ఒక పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, తల కొంచెం పైకెత్తి, బొడ్డుకు కాస్త పైన వేళ్లు అడ్డంగా పెట్టి నొక్కి చూడండి. మధ్యలో రెండు వేళ్ల కంటే ఎక్కువ సందు తగిలితే కడుపులో బిడ్డ పెరిగినప్పుడు విడిపోయిన కండరాలు ఇంకా దగ్గరకు రాలేదని అర్థం. అప్పుడు పొట్ట తగ్గాలని పడుకుని లేచే వ్యాయామాలు చేస్తే సందు ఇంకా పెరగవచ్చు. ఫిజియోథెరపిస్టును కలవండి. నడికట్టు విషయం కూడా చాలామంది అడుగుతారు. నడుముకు ఊతంగా ఓ మాదిరిగా కట్టుకుంటే ఫరవాలేదు. ఊపిరాడనంత బిగిస్తే ఆ ఒత్తిడంతా కిందికి, కటి కండరాల మీదికి పోతుంది. నడికట్టు పొట్టను కరిగించదు.

పరుగు, గెంతడం లాంటివి మూడు నెలలు నిండాకే. ఎముకల సంగతి కూడా చెప్పాలి. పాలిచ్చే మొదటి ఆరు నెలల్లో తల్లి ఎముకల్లోంచి 3 నుంచి 5 శాతం ఖనిజం బిడ్డ పాలలోకి పోతుంది. పాలు మాన్పించాక అది మళ్లీ పూడుకుంటుంది. ఒంటి బరువు మోస్తూ చేసే నడక, చిన్న బరువులెత్తడం ఆ నష్టాన్ని తగ్గిస్తాయి.

నడకకు వెళ్లేముందు బిడ్డకు పాలిచ్చి వెళ్లండి. రొమ్ముల బరువు తగ్గి హాయిగా ఉంటుంది, తిరిగొచ్చేసరికి బిడ్డ ఏడవడు. రొమ్ములకు ఊతమిచ్చే బ్రా వేసుకుని, రాగానే మార్చుకోండి. వేసవిలో సూర్యుడు రాకముందే ముగించండి. దాహం వేసినప్పుడల్లా తాగండి. "నీళ్లు తాగితే పొట్ట వస్తుంది" అని బాలింతకు గ్లాసు లెక్కపెట్టి ఇచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పాలలో 87 శాతం దాకా నీళ్లే. ఆ నీళ్లు ఎక్కడినుంచి రావాలి?

రక్తస్రావం ఉన్నట్టుండి పెరిగినా, పిక్క వాచి నొప్పి పుట్టినా, ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, కుట్లు లాగడం, జ్వరం ఏది వచ్చినా నడక ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక తిండి. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కిలోక్యాలరీలు, ఆ తర్వాత ఆరు నెలలు 520 కిలోక్యాలరీలు అదనంగా కావాలి. ఇది ఎంత? మామూలుగా తినేదానికి తోడు ఒక జొన్నరొట్టె, ఒక కప్పు పప్పు, ఒక గ్లాసు పాలు, గుప్పెడు వేరుశనగలు. నడిచే తల్లికి దీనిమీద ఇంకో ముద్ద. కానీ పథ్యం పేరుతో మనం చేసేది దీనికి ఎదురు. పప్పు వాతం, పెరుగు జలుబు, వంకాయ దురద, పండు చలవ అంటూ ఒక్కొక్కటే తీసేసి, ఆఖరికి కారప్పొడి అన్నం మిగిలిస్తాం. వెల్లుల్లి కారం పెట్టండి, మునగాకు, పాలసొర చేప, పచ్చిబొప్పాయి కూర పెట్టండి, వద్దనను. పప్పును మాత్రం కంచంలోంచి తీయకండి. తల్లి సరిగ్గా తినకపోయినా చాలా రోజులు పాలు వస్తూనే ఉంటాయి, ఎందుకంటే ఒళ్లు తన నిల్వల్లోంచి తీసి బిడ్డకిస్తుంది. ఆ అప్పు తీర్చాల్సింది తల్లే. నడుంనొప్పి, రక్తహీనత, రాలే జుట్టు, తీరని నీరసం అన్నీ దాని వడ్డీలు.

ఇప్పుడు మనం మొదట చెప్పుకున్న రెండో బాలింత దగ్గరికి వెళ్లాలి. నాట్లకు, కోతకు, మేస్త్రీ పనికి, ఇళ్లలో పాచిపనికి పోయే తల్లి. ఆమెకు వ్యాయామం చేయమని చెప్పేంత తెలివితక్కువతనం ఎవరూ చేయకూడదు. రోజంతా ఒళ్లు వంచే మనిషికి కావాల్సింది కూర్చోవడం. ఆమె పాలకు వచ్చే గండం చెమటతో రాదు. పొద్దున ఏడింటికి పాలిచ్చి వెళ్లి, సాయంత్రం ఐదింటికి తిరిగొచ్చే ఆ పది గంటల ఎడంతో వస్తుంది. మధ్యాహ్నానికి రొమ్ములు గట్టిపడి, జాకెట్టు తడిసి, పక్కకు వెళ్లి గట్టు మీద పిండి పారబోసుకుంటుంది. ఇంట్లో ఏడుస్తున్న బిడ్డకు నాయనమ్మ చక్కెరనీళ్లో, గేదెపాలో పడుతుంది. నెల తిరిగేసరికి పాలు తగ్గుతాయి. "ఎండకు ఇంకిపోయాయి" అంటారు.

ఆ పాలను పారబోయకుండా శుభ్రమైన గిన్నెలో పిండి ఉంచితే 25 డిగ్రీల వేడిలో నాలుగు గంటల దాకా పనికొస్తాయి. మన వేసవికి ఆ లెక్క చెల్లదు, ఫ్రిజ్ కావాలి. ఉంటే నాలుగు రోజులు నిల్వ ఉంటాయి. లేకపోతే బిడ్డను మధ్యలో ఒకసారి తల్లి దగ్గరికి తీసుకెళ్లడమే మందు. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతంతో కూడిన సెలవునిచ్చింది. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి పనిలో రోజుకు రెండు విరామాలు, 50 మంది, అంతకుమించి పనిచేసేచోట శిశు సంరక్షణ గది ఉండాలంది. పొలం గట్టుకు, ఇంటిపనికి ఆ చట్టం చేరలేదు. మొదటి కాన్పుకు ప్రధానమంత్రి మాతృవందన యోజన కింద వచ్చే 5,000 రూపాయలతో ఎన్నాళ్లు ఇంట్లో కూర్చోగలదో మీరే లెక్కవేయండి. కూలికి పిలిచే రైతు, ఇంట్లో పనికి పెట్టుకున్న అమ్మగారు, పాలు తాగే బిడ్డ ఉన్న తల్లిని మధ్యాహ్నం ఒక గంట ఇంటికి పంపిస్తే, కూలి కోయకుండా పంపిస్తే, ఆ బిడ్డకు పాలు మిగులుతాయి.

అంటే ఈ ఇద్దరు తల్లులకూ కావాల్సింది ఒకే రకమైన సాయం. మొదటి తల్లి నడవాలంటే అరగంట బిడ్డను ఎవరో ఎత్తుకోవాలి. రెండో తల్లి కూర్చోవాలంటే ఆమె పని కాస్త ఎవరో అందుకోవాలి. ఆ ఎవరో ఎవరు? భర్తలూ, ఈ మాట మీకే. బిడ్డకు పాలివ్వడం ఒక్కటే మీరు చేయలేనిది. స్నానం, ఉయ్యాల, గుడ్డలు, భుజాన వేసుకుని తేనుపు తెప్పించడం, మిగతా అన్నీ మీ చేతులకు అలవడేవే. రేపు సాయంత్రం ఆరింటికి బిడ్డను అందుకోండి. అత్తగారూ, అమ్మా, మీరు కోడలికో, కూతురికో ఇంకో ముద్ద పప్పన్నం వడ్డించి, "చీకటి పడకముందే వచ్చెయ్" అని చెప్పి పంపండి. ఆమె అరగంటలో వస్తుంది, బిడ్డ కడుపునిండా తాగుతాడు.